తలా తోలూ చూపించందే కొనం

కారా-తోకోయ్
జూన్ 6

ఒరే ఎసెంకుల్,

మందా మనుషులూ అందరూ క్షేమమని తలుస్తాను. ఎర్ర గుర్రం కాలు తగ్గిందా? జీపార్ మోకాలి నొప్పికి మందు పంపిస్తున్నాను, రాసుకుని ఉన్నిగుడ్డ చుట్టుకోమను. పోయినసారి పంపిన డబ్బా నువ్వు గుర్రానికి రాశావని లారీ మూకాష్ చెప్పాడు. పెళ్ళాం మందు గుర్రానికి రాసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను!

ఆ కొండమీద ఫోను పలికి చావదు కాబట్టి ఇదంతా చేత్తో రాయాల్సి వస్తోంది. లారీలో రెండు బస్తాల పిండి, ఉప్పు, టీ పొడి, టార్చిలైటు బ్యాటరీలు ఉన్నాయి. మూకాష్ దించేటప్పుడు దగ్గరుండి చూసుకో. మంచివాడే గానీ వాగుడెక్కువ. కబుర్లలో పడి నీ ఉప్పు పక్క గుడారంలో దించేసి వస్తాడు.

ఇక అసలు సంగతి. సంతలో మా మాంసం బల్లల వరసలో నేను పెట్టిన కట్టుబాటు నీకు తెలుసు కదా. తలా తోలూ చూపించందే కోసిన గొర్రెను కొనం. చెవికి పెట్టిన గాట్లు చూస్తే అది ఏ ఇంటి గొర్రో తెలిసిపోతుంది. రెండేళ్ళ కిందట పచ్చిక మీంచి గొర్రెలు మాయమవుతున్నప్పుడు, దొంగలు తల తీసిపారేసి ఒట్టి మాంసం తెచ్చి మా బల్లల మీదే అమ్ముకుని పోయేవాళ్ళు. నేను వద్దన్న మొదటి రోజు ఎంత నవ్వారని! "బురుల్చాకి చెవుల పిచ్చి పట్టింది, మొగుడు పోయాక మాట్లాడుకోడానికి గొర్రె తలలే దొరికాయి పాపం" అన్నాడు ఎదురు బల్లవాడు. ఇప్పుడు వాడే తల తేనివాణ్ణి తిట్టి తరిమేస్తున్నాడు. పదకొండు బల్లలూ ఒక్కమాట మీద ఉన్నాయి. నాన్న నేర్పిన చెవి గుర్తులన్నీ నోటుబుక్కులో బొమ్మలు గీసి పెట్టాను కదా, ఇన్‌స్పెక్టర్ కెనెష్ దానికి కాపీ తీయించి స్టేషన్ గోడకి అంటించాడు. ఈ ఏడు మంచు కరిగినప్పటినుంచి మన జిల్లాలో ఒక్క గొర్రె పోలేదు. అదీ మన ఇంటి చదువు!

మొన్న ఆ కెనెషే వచ్చి నా బల్ల పక్కన మొద్దు మీద కూర్చున్నాడు. టీ ఇచ్చాను. "అక్కా, ఊరు బాగుపడటానికి మాకు సాయపడిన మనుషుల్నీ దుకాణాల్నీ ఆగస్టులో చౌక్‌లో సన్మానిస్తున్నాం. మీ పేరు రాసి పైకి పంపించాను" అన్నాడు. "నేనేం చేశానయ్యా, గొర్రె చెవులు చూశాను" అన్నాను. పైకి అలా అన్నాను గానీ ఒరే, ఇంటికొచ్చి చాలాసేపు అద్దంలో చూసుకున్నాను.

ఇంకా ఖాయం కాలేదు. ఎవరికీ చెప్పకు. కెనెష్ మాట్లాడుతున్నప్పుడు మూకాష్ అక్కడే మూటలు కడుతున్నాడు. ఖాయమయ్యేదాకా నోరు విప్పనని వాడిచేత ఒట్టు వేయించుకున్నాను.

నీ అక్క
బురుల్చా


సారీ-బెల్ పచ్చిక
జూన్ 20

అక్కా,

నీకూ నీ బల్లకీ నీ కత్తులకీ దండాలు. ఇక్కడ మందా మేమూ బాగున్నాం. గడ్డి ఈసారి గుర్రం పొట్టను తాకుతోంది.

ఒట్టు సంగతి అడక్కు. లారీ ఇంకా గట్టు దాటనే లేదు, తల బయటపెట్టి "సుయూన్చు! సుయూన్చు!" అని కేకలేసుకుంటూ వచ్చాడు మూకాష్. శుభవార్త మోసుకొచ్చినవాడు ఆ కేక వేశాక వాణ్ణి ఉత్త చేతులతో పంపితే మనమూ మనుషులమేనా? పక్క గుడారంవాళ్ళు మనవడు పుట్టాడనుకుని చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చారు. లారీ దిగకుండానే అందరికీ చెప్పాడు, బురుల్చా అక్కకి పోలీసులు పతకం, శాలువా, కారు ఇస్తున్నారని. కారా అక్కా! నీకు నడపడం రాదే! నేను కిందికి దిగాక నేర్పిస్తాలే. ట్రాక్టరు నడిపినవాడికి కారొక లెక్కా?

మరి సన్మానం అయిపోయిందా, కాబోతోందా? వాడు చెప్పే తీరు చూస్తే అయిపోయినట్టే ఉంది. నన్ను పిలవకుండా ఎలా చేయించుకున్నావు? ఈ సంగతి మనసులో పెట్టుకుంటాను, అయినా సంతోషంగానే ఉన్నాను. ఆ రోజే ఒక గొర్రెను కోసి తొమ్మిది గుడారాలకీ భోజనాలు పెట్టాను. ముసలివాళ్ళు నన్ను తలుపుకి ఎదురుగా, పెద్దల చోట కూర్చోబెట్టారు. ఎందుకో తెలుసా? నీ తమ్ముణ్ణని! నేను గొర్రెలు తప్ప ఏమీ కాచి ఎరగను, నీ పేరు చెప్పుకుని అక్కడ కూర్చున్నాను.

మూకాష్‌కి సుయూన్చు కానుక ఇచ్చాను. ఏమిచ్చావని అడక్కు. ఇచ్చింది చెప్పుకునే అలవాటు మన ఇంట్లో లేదు. జీపార్ మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

గుర్రానికి మందు రాసిన మాట నిజమే. తగ్గింది కూడా.

నీ తమ్ముడు
ఎసెంకుల్


కారా-తోకోయ్
జూలై 3

ఒరే ఎసెంకుల్,

కూర్చుని చదువు. ఈ ఉత్తరం పశువుల డాక్టరు తెస్తున్నాడు. మూకాష్ తేవడం లేదు. ఎందుకు తేవడం లేదో చెబుతాను, ఆగు.

ముందు నీ పిచ్చి మాటలు. కారూ లేదు, గీరూ లేదు. సన్మానం ఇంకా కానే లేదు. ఒక శాలువా, ఒక ప్రశంసాపత్రం, అంతే. అదిగో ఆ వాగుడుకాయ మాట నమ్మి తొమ్మిది గుడారాలకి భోజనాలు పెట్టావా? పోనీలే, పెట్టినందుకు నాకూ సంతోషంగానే ఉంది. నా పేరు మాత్రం ఖాయమైంది. ఆగస్టు పద్నాలుగు. కెనెష్ స్వయంగా వచ్చి చెప్పాడు.

ఇప్పుడు విను. ఆదివారం సంతలో మూకాష్ నా బల్ల దగ్గరికి వచ్చాడు. కోసిన పొట్టేళ్ళు రెండు బల్ల మీద పెట్టి, సంచిలోంచి తలలూ తోళ్ళూ తీశాడు. పద్ధతి ప్రకారమే, నవ్వుకుంటూనే. అలవాటుగా చెవి పట్టుకు చూశాను. ఎడమ చెవి కొస రెండుగా చీలి ఉంది, కుడి చెవి వెనకవైపు ఒక గాటు. మన ఇంటి గుర్తురా! నాన్న గుర్తు!

"ఇవెక్కడివిరా మూకాష్?" అన్నాను.

"మీ తమ్ముడిచ్చాడక్కా, సుయూన్చు. రెండు పొట్టేళ్ళు" అన్నాడు.

మాంసం వరస మొత్తం పకపకా నవ్వింది. నువ్వు! రెండు పొట్టేళ్ళు! నా కూతురి పెళ్ళికి ఒంటికన్ను మేకను తెచ్చినవాడివి! అబద్ధం ఆడేవాడు కాస్త నమ్మేలా ఆడాలి కదా, ఒక టోపీ ఇచ్చాడంటే నమ్మేదాన్నేమో. ఎంత గట్టిగా అరిచానంటే బస్సుల స్టాండు దాకా వినబడిందట. "దొంగ! నా చేతి మూటలు మోస్తూ నా తమ్ముడి మందలోనే చెయ్యి పెట్టాడు!" అన్నాను. వాడు తెల్లబోయి నిలబడ్డాడు.

కెనెష్ వచ్చాడు. "ఒకసారి మీ తమ్ముణ్ణి కనుక్కుందామా? మనిషిని పైకి పంపిస్తాను" అన్నాడు. "నా తమ్ముడి సంగతి నాకు తెలియదా? ఆ చెవులు సాక్ష్యం, నేను సాక్ష్యం, రాసుకోండి" అన్నాను. ఆయన రాసుకున్నాడు. రెండు రోజులు స్టేషన్‌లో ఉంచి వాణ్ణి ఇంటికి పంపారు, కేసు తేలేదాకా ఊరు దాటకూడదని. లారీ స్టేషన్ పెరట్లో ఉంది. నీ మంద ఒకసారి చూసుకో, రెండు తగ్గి ఉంటాయి. డాక్టరుతో ఒక కాగితం ముక్క రాసి పంపితే చాలు.

సన్మానానికి ముందే సొంత ఇంటి దొంగను పట్టుకున్నాను! ఎదురు బల్లవాడు నాకు లేచి చోటిచ్చాడు తెలుసా? నాన్న ఉంటే నన్ను చూసి ఎంత పొంగిపోయేవాడో.

నీ అక్క
బురుల్చా


సారీ-బెల్
జూలై 9

అక్కా,

ఇచ్చింది నేనే. రెండూ నేనే ఇచ్చాను.

పిసినారివాణ్ణే, కాదనను. నీ కూతురి పెళ్ళికి మేకను తెచ్చిన మాటా నిజమే, దాని రెండో కన్ను దారిలో పోయిందని ఎన్నిసార్లు చెప్పినా నువ్వు నమ్మవు. కానీ పోలీసులంతటివాళ్ళు నా అక్కను పిలిచి శాలువా కప్పుతున్నారని వినగానే నా చెయ్యి నా మాట వినలేదు. మందలోకి పోయి మంచివి రెండు ఏరి పట్టుకొచ్చాను. మూకాష్ వద్దన్నాడు, ఒకటి చాలన్నాడు. నేనే లారీలోకి ఎక్కించాను. చూసినవాళ్ళు మూడు గుడారాలవాళ్ళు. వాళ్ళందరి సంతకాలతో ఈ కాగితం పంపుతున్నాను. ఇది చదవడం అయ్యేలోపే కెనెష్ దగ్గరికి పో.

నాన్న పొంగిపోయేవాడని రాశావు. చదివి ఉత్తరం నేలకేసి కొట్టాను. నాన్న సంగతి నాకు చెప్పిందే నువ్వు. అప్పటికి నీకు ఏడేళ్ళు, నేను అమ్మ కడుపులో ఉన్నాను. నాన్న కాసే ప్రభుత్వ మందలో పదకొండు గొర్రెలు తక్కువయ్యాయని, ఊరంతా చూస్తుండగా దొంగ దొంగ అని అరుస్తూ నాన్నను బండెక్కించారు. నెల తిరిగేసరికి ఆ పదకొండూ లోయ అవతలి మందలో కలిసిపోయాయని తేలింది. వదిలేశారు. అంతే. ఆ రోజు అరిచిన నోళ్ళలో ఒక్కటి కూడా, పొరపాటు పడ్డాం ఒరోజ్ అని తెరుచుకోలేదు. బతికినన్నాళ్ళూ ఏ విందుకి వెళ్ళినా తలుపు పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాతే కదా ఇల్లిల్లూ తిరిగి ప్రతి చెవి గుర్తూ నేర్చుకున్నాడు? ఇంకెవరినీ ఊరికే దొంగ అనకుండా ఉండాలని కదా నీకు నేర్పాడు? ఆ చదువుతోనే నువ్వు మూకాష్‌ని దొంగ అన్నావు.

ఇక్కడ మాకు పిండి అయిపోతోంది. అది నేను లెక్కపెట్టడం లేదు. పైకి వచ్చిన ప్రతివాడూ మూకాష్ దొంగట కదా అంటున్నాడు. నేను కాదు కాదని ఎంతమందికి చెప్పను?

ఎసెంకుల్


కారా-తోకోయ్
జూలై 18

తమ్ముడూ,

నీ కాగితం చేతిలో పట్టుకుని బల్ల అలాగే వదిలేసి స్టేషన్‌కి పరుగెత్తాను. కత్తి కూడా చేతిలోనే ఉందని గేటు దగ్గర పోలీసు చెప్తేగానీ తెలియలేదు. కెనెష్ చదివి, అక్కడికక్కడే కేసు కొట్టేసి, తాళాలు మూకాష్ ఇంటికి పంపించాడు. నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

నా కళ్ళు నెత్తికెక్కాయిరా. అదే జరిగింది. నేను చెవిని చూడలేదు, చౌక్‌లో నా భుజం మీద పడబోయే శాలువాను చూసుకున్నాను. మూకాష్ పధ్నాలుగేళ్ళనుంచి నా మూటలు మోస్తున్నాడు. దొంగైతే తలలు తీసుకొచ్చి నా ముందే పెడతాడా? చిన్నపిల్లకి కూడా తట్టే సంగతి నాకు తట్టలేదు.

వాళ్ళింటికి వెళ్ళాను. వాడి తల్లి గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మని అనలేదు. అలా నన్ను గుమ్మంలోనే ఆపిన ఇల్లు నా జన్మలో లేదు. మూకాష్ పెరట్లో లారీ కడుగుతున్నాడు. దగ్గరికి వెళ్ళి, తప్పైపోయింది మూకాష్, మనసులో పెట్టుకోకు అన్నాను. నీళ్ళ బకెట్టు కింద పెట్టాడు.

"అక్కా, ఎందుకంత మెల్లగా చెబుతున్నారు? ఆ రోజు బస్సుల స్టాండు దాకా వినబడింది కదా" అన్నాడు.

ఆ రోజునుంచి వాడికి ఎవరూ సరుకు ఎత్తడం లేదు. కేసు పోయిందని తెలిసినవాళ్ళు కూడా, ఏదో ఉండే ఉంటుందిలే అంటున్నారట. నాన్నను అన్నట్టే.

కెనెష్‌తో నా పేరు కొట్టేయమన్నాను. పట్టిక పైకి వెళ్ళిపోయిందనీ, అది రెండేళ్ళ పనికి ఇచ్చేదనీ, దీన్నీ దాన్నీ కలపొద్దనీ అన్నాడు. ఎలా కలపకుండా ఉంటాను?

పోనీ చౌక్‌లో మైకు పట్టుకుని చెప్పేద్దామంటే, నా భయం నీకు తెలియాలి. ఇప్పటికే రెండు బల్లలవాళ్ళు గొణుగుతున్నారు, చెవులు చూస్తే ఏమొచ్చింది, చివరికి అమాయకుణ్ణి పట్టించింది అని. నేను అందరి ముందూ తప్పు ఒప్పుకుంటే కట్టుబాటు గాలికి పోతుంది. తలలు లేని మాంసం మళ్ళీ వస్తుంది, మీ గొర్రెలు మళ్ళీ పోతాయి. చెప్పకపోతే మూకాష్ జీవితాంతం తలుపు పక్కన కూర్చుంటాడు. ఏం చేయను? ఆ రోజు జ్వరమని ఇంట్లో పడుకుందామనుకుంటున్నాను.

అంతా నావల్లే, నీవల్ల కాదు. కానీ ఒరే, బతుకులో మొదటిసారి చెయ్యి విదిల్చినవాడివి, ఏమిచ్చావో ఒక్క ముక్క రాసి ఉండకూడదా?

బురుల్చా


సారీ-బెల్
జూలై 29

అక్కా,

రాసి ఉండాల్సింది. ఆ మాట రోజూ అనుకుంటున్నాను. ఇచ్చింది చెప్పుకోకూడదన్న గొప్ప నాదైంది, దొంగ అన్న మాట వాడికి పడింది.

కోపంలో రాసిన ఉత్తరం చింపేయి. నువ్వు ఇల్లు దాటి రానంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. ఎన్నో రకాలుగా ఆలోచించాను. మొన్న చెప్పేయమని రాద్దామనుకున్నాను. నిన్న మంద చూశాక మనసు మారింది. రెండేళ్ళ కిందట ఈపాటికి నావి ఆరు పోయాయి, పక్క గుడారం ముసలామెవి ఉన్న తొమ్మిదీ పోయాయి. ఈ ఏడు ఒక్కటి పోలేదు. అది నీ కట్టుబాటు పుణ్యమే. ఆ ముసలామె పాలు పితికేటప్పుడల్లా నీ పేరు తలుచుకుంటుంది. అందుకని, చౌక్‌లో చెప్పకు. మూకాష్‌కి నేను ఇంకో రెండు పొట్టేళ్ళిస్తాను. కాదు, మూడు. ఇంకెలా సర్దాలో నాకు తెలియడం లేదు. గొర్రెలవాణ్ణి, గొర్రెలే ఇవ్వగలను.

ఇక్కడ నుంచి జీపార్ రాస్తుంది. కలం లాక్కుంటోంది.

వదినా, మీ తమ్ముడి మాట వినకండి. ఆయన ఎప్పుడూ ఇవ్వకూడని చోట ఇస్తాడు, ఇవ్వాల్సిన చోట ఇవ్వడు. మూకాష్‌కి కావలసింది గొర్రెలు కాదు. చెవి అబద్ధం చెప్పలేదు వదినా. అది ఎవరి గొర్రో చెప్పింది, అంతే. చేతులు ఎలా మారిందో చెవికేం తెలుసు? అది మనుషుల్ని అడగాలి. మీరు అడగలేదు. ఈ మాట చెబితే కట్టుబాటు ఎందుకు పోతుంది? దానికి ఇంకో మాట కలుస్తుంది, అంతే కదా. జ్వరం లేకుండా జ్వరమని పడుకునే మనిషి కాదు మీరు. నా మోకాలికి తగ్గింది, మందు ఈసారి నేనే దాచుకున్నాను.

జీపార్


కారా-తోకోయ్
ఆగస్టు 16

తమ్ముడూ, జీపారూ,

వెళ్ళాను.

చౌక్‌లో ఇసుక వేస్తే రాలనంత జనం. బడి పిల్లలు పాటలు పాడారు. మొత్తం ఏడుగుర్ని పిలిచారు. బడి దగ్గర రోడ్డు మీద పదేళ్ళుగా పిల్లల్ని దాటిస్తున్న పంతులమ్మ, స్నానాల ఇంటి వెనక చీకటి సందులో తన ఖర్చుతో దీపాలు పెట్టించిన యజమాని, తాగి బండి నడిపేవాళ్ళ తాళాలు గుంజుకునే టీ కొట్టువాడు, ఇంకా కొందరు. ఒక్కొక్కరు మెట్లెక్కుతుంటే వాళ్ళ ఇంటివాళ్ళు ఈలలు! ఆ పంతులమ్మ శాలువా కప్పుకుని ఏడ్చేసింది. మనలాంటివాళ్ళను పేరు పెట్టి పిలిచి మెట్లెక్కించడం నేను ఇదే చూడటం. నాకూ గర్వంగా అనిపించింది, దాచను. నా ఊరిని చూసి గర్వంగా అనిపించింది.

నన్ను ఆఖర్న పిలిచారు. కెనెష్ తెల్ల శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. దిగిపోవాలి. నేను దిగలేదు, మైకు అడిగాను. మూకాష్ ఎక్కడా కనబడలేదు, చివరికి చౌక్ అవతల లారీ మెట్టు మీద కూర్చుని కనిపించాడు. వాడి తల్లి ముందు వరసలోనే ఉంది, నన్ను చూడకుండా నేల చూస్తోంది.

"నేను సంతలో మూకాష్‌ని దొంగ అని అరిచాను. మీరంతా విన్నారు. ఇప్పుడూ అంత గట్టిగానే చెబుతున్నాను, వినండి. మూకాష్ దొంగ కాదు. ఆ పొట్టేళ్ళు నా తమ్ముడు వాడికిచ్చాడు. వాడు నిజం చెబితే నేను నవ్వాను. తప్పు వాడిది కాదు, చెవిదీ కాదు, నాది. చెవి చూశాను గానీ మనిషిని అడగలేదు. రేపటినుంచి నా బల్ల దగ్గర తల చూస్తాం, తోలు చూస్తాం, గుర్తు ఎవరిదో వాళ్ళని అడుగుతాం. అడిగేదాకా ఎవరినీ ఏమీ అనం" అన్నాను.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గాలికి జెండాలు కొట్టుకుంటున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. అక్కడితో ఆపుదామనే అనుకుని వచ్చాను. ఆ నిశ్శబ్దంలో నా నోరే నా మాట వినలేదు.

"యాభై ఏళ్ళ కిందట ఇదే చౌక్‌నుంచి మా నాన్నను బండెక్కించారు. ఒరోజ్ కూడా దొంగ కాదు" అన్నాను.

అంతే, మైకు కిందికి దించాను.

అప్పుడు కెనెష్ మైకు తీసుకున్నాడు. "అడగకుండా రాసిన చెయ్యి నాది. మూకాష్, నేనూ తప్పు చేశాను" అన్నాడు. యూనిఫారంలో ఉన్న మనిషి అందరి ముందూ ఆ మాట అనడం నేనెప్పుడూ వినలేదు. ముసలివాళ్ళ వరసలో ఒకాయన లేచాడు. చూపు సరిగ్గా ఆనదు, మనవడి భుజం పట్టుకున్నాడు. "ఆ రోజు అరిచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఒరోజ్ దొంగ కాదు" అన్నాడు. రెండు అరచేతులూ పైకెత్తాడు. ఆయన వెనక వరసంతా, దాని వెనక చౌక్ అంతా చేతులెత్తి, నాన్న పేరు మీద దీవెన చెప్పి ఆ అరచేతులతో ముఖాలు నిమురుకున్నారు. యాభై ఏళ్ళు పట్టిందిరా తమ్ముడూ. నాన్న లేడు. అయినా విన్నాడనే అనుకుంటున్నాను.

మెట్లు దిగుతుంటే ఎదురు బల్లవాడు చెయ్యి అందించాడు. "అయితే ఇకనుంచి అడగడం కూడా నా మెడకే చుట్టావన్నమాట! ఇప్పటికే చెవులు చూసి చూసి నా కళ్ళు పోయాయి" అన్నాడు. కట్టుబాటు ఎక్కడికీ పోలేదు. నిన్నటి సంతలో పదకొండు బల్లలూ అడిగాయి.

శాలువా జారిపోతోంది, నేను పట్టించుకోలేదు. ఎవరో వెనకనుంచి దాన్ని లాగి, తల మీదుగా తెచ్చి గట్టిగా ముడి వేశారు. చూస్తే మూకాష్ తల్లి.

"సరిగ్గా కప్పుకో. మా ఇంటికి వస్తున్నావు, టీ పొయ్యి మీద పెట్టి వచ్చాను" అంది.

వెళ్ళాను. నన్ను తలుపుకి ఎదురుగా కూర్చోబెట్టబోయారు. మూకాష్ చెయ్యి పట్టుకుని వాణ్ణి అక్కడ కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చున్నాను. వాడు నావైపు చూడకుండానే ఒక గిన్నె టీ తాగాడు. తర్వాత కారు ఎప్పుడిస్తున్నారు అక్కా అని అడిగాడు. ఆ వాగుడు విని ఇంత సంతోషపడతానని అనుకోలేదు.

ఉత్తరం వాడే తెస్తున్నాడు. పిండి నాలుగు బస్తాలు.

మీ
బురుల్చా


సారీ-బెల్
ఆగస్టు 24

అక్కా,

మూకాష్ వచ్చాడు. కేక వేయకుండా మెల్లగా లారీ దిగి ఉత్తరం చేతిలో పెట్టాడు.

తొమ్మిది గుడారాలవాళ్ళూ వచ్చి కూర్చున్నారు. నేను చదవడం మొదలుపెట్టాను. నాన్న పేరు దగ్గర నావల్ల కాలేదు. కాగితం జీపార్‌కి ఇచ్చి గుర్రాల దగ్గరికి పోయి నిలబడ్డాను. మిగతాది తనే చదివింది, అక్కడిదాకా వినబడింది.

తిరిగి వచ్చేసరికి ముసలివాళ్ళు ఇంకా కదల్లేదు. మళ్ళీ మొదటినుంచి చదవమన్నారు, గట్టిగా.

ఈసారి నేనే చదివాను అక్కా, చివరిదాకా.

ఒరోజ్ కొడుకు
ఎసెంకుల్